క్లబ్బు ఒగ్గితే కదా దేశానికి ఆడేది! (రగ్బీ)

వంశధార_వింగర్
5 జూలై 2025, సాయంత్రం 4:10

రాత్రి షిఫ్టు దిగి పైడిభీమవరం నుంచి ఇంటికొచ్చి, రెండు ముద్దలు తిని, పడుకోకుండా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. డునెడిన్‌లో న్యూజిలాండ్, ఫ్రాన్స్ మొదటి టెస్టు. మనకి మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక మొదలు. జట్ల పట్టీ చూసేసరికి మతిపోయింది. కెప్టెన్ డుపాంట్ మోకాలు దెబ్బ సంగతి తెలుసు, సరే. రామోస్ ఏడీ? బియెల్-బియారే ఏడీ? ఆల్‌డ్రిట్ ఏడీ? మార్చిలో సిక్స్ నేషన్స్ (యూరప్‌లో ఆరు దేశాల పోటీ) కప్పు ఎత్తిన జట్టేనా ఇది అనిపించింది.

తీరా చూస్తే ఆ కుర్రాళ్లే 31-27 దాకా లాక్కొచ్చారు. అది వేరే సంగతి. నా గోల ఏంటంటే, ఇంగ్లండ్ మీదకి మన క్రికెట్ బోర్డు కావాలని రెండో జట్టుని పంపిస్తే దేశం ఊరుకుంటుందా? ఫ్రాన్స్ వాళ్ల బోర్డుకి మంచి ఆటగాళ్లని పంపడానికి ఏం అడ్డొచ్చింది?

గంటస్తంభం
5 జూలై 2025, సాయంత్రం 5:02

తమ్ముడూ, తేదీలు చూడు. జూన్ 28 రాత్రి స్టాడ్ ద ఫ్రాన్స్‌లో టాప్ 14 ఫైనల్, అంటే ఫ్రాన్స్ క్లబ్బుల లీగ్‌ది. తులూజ్ 39, బోర్డో 33, అదీ అదనపు సమయానికి వెళ్లి తేలింది. వారం తిరిగేసరికి భూగోళం అవతలి కొసన టెస్టు. రామోస్ తులూజ్ వాడు, బియెల్-బియారే బోర్డో వాడు. వాళ్లని ఆ రాత్రే విమానం ఎక్కించమంటావా?

టాప్ 14 అంటే పద్నాలుగు జట్లు, ఒక్కొక్కరితో రెండేసి సార్లు, అంటే 26 మ్యాచులు. దాని మీద ప్లేఆఫులు. మధ్యలో యూరప్ క్లబ్బుల కప్పు. ఇంకా దేశం తరఫున నవంబరులో ఆటలు, ఫిబ్రవరి మార్చిల్లో సిక్స్ నేషన్స్. సెప్టెంబరులో మొదలైతే జూన్ ఆఖరుకి గాని ఊపిరాడదు. అందుకే కోచ్ గాల్తియే మామూలుగా ఆడే వాళ్లలో చాలామందిని ఇంట్లో ఉంచేశాడు. న్యూజిలాండ్ వాళ్లకి ఒళ్లు మండింది, టిక్కెట్లు అమ్ముకునేది వాళ్లు కదా.

బోర్డు అన్నావు. అక్కడే ఉంది తిరకాసు. మన క్రికెట్ బోర్డు లాగా అక్కడ ఫెడరేషన్ చేతిలో ఆటగాడు ఉండడు. జీతం ఇచ్చేది క్లబ్బు. ఫెడరేషన్ ఆటగాడిని తీసుకెళ్లిన రోజులకి క్లబ్బుకి పరిహారం కట్టాలి. ఇల్లు ఒకరిది, అద్దెకి తెచ్చుకునేది ఇంకొకరు.

టెక్కలి_గుంటడు
5 జూలై 2025, సాయంత్రం 6:30

ఒలే బావూ, వారం సాలదేటి? మన ఐపీఎల్ ఫైనల్ జూన్ 3న అయ్యింది. సౌతాఫ్రికా వోళ్లు జూన్ 11కి లార్డ్స్‌లో దిగి టెస్టు ఛాంపియన్‌షిప్ కొట్టుకు పోనారు. ఈ ఫ్రాన్సోళ్లకి ఏటి రోగం? ఫైనలాడినోడికి అత్తోరింట్లో ఆషాఢం సెలవిచ్చినట్టు ఇచ్చీసినారు.

నెల్లిమర్ల_ఫిజియో
5 జూలై 2025, రాత్రి 9:15

ఆషాఢం సెలవు 😂 బాగుంది గానీ అన్నా, క్రికెట్‌తో పోల్చకండి. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ని తీసేస్తే మిగతా వాళ్లు మూడు రోజులకో మ్యాచ్ ఆడగలరు. రగ్బీలో వంద కిలోలు దాటిన మనిషి పరుగెత్తుకొచ్చి గుద్దుతాడు, నువ్వూ గుద్దుతావు, ఎనభై నిమిషాలు అదే పని. మర్నాడు మంచం దిగడమే కష్టం. వారానికి ఒక మ్యాచే ఎక్కువ.

ఇంకో సంగతి. అందరూ మ్యాచులే లెక్కపెడతారు. దెబ్బలు ప్రాక్టీసులో కూడా తగులుతాయి. 2021లో ప్రపంచ రగ్బీ సంఘం, అదే వరల్డ్ రగ్బీ, ఒక సలహా ఇచ్చింది: పూర్తిగా గుద్దుకునే ప్రాక్టీసు వారానికి 15 నిమిషాలు దాటకూడదు అని. బాగానే ఉంది. ఇప్పుడు ఆటగాడు సోమవారం నుంచి బుధవారం దాకా దేశం క్యాంపులో ఉండి, గురువారం క్లబ్బుకి వెళ్లాడనుకోండి. ఆ పదిహేను నిమిషాలు ఎవరి ఖాతాలో వేసుకోవాలి? క్లబ్బు కోచ్ శనివారం మ్యాచ్ గెలవాలనుకుంటాడు, దేశం కోచ్ ఆపై శనివారం గెలవాలనుకుంటాడు. ఇద్దరికీ వాడు తాజాగానే కనిపిస్తాడు. అలిసిపోయింది మాత్రం ఒక్క ఒళ్లే.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్లు ఉంటారు. వాళ్లతోనూ ఇదే. ఊళ్లో గురువు ఒక లెక్క రాసిస్తాడు, క్యాంపులో కోచ్ ఇంకో లెక్క. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసేది ఆఖరికి నొప్పి వచ్చాక నేనే.

వంశధార_వింగర్
6 జూలై 2025, ఉదయం 7:40

సరే అక్కా, అర్థమైంది. మరి రూలు అంటూ ఏమీ లేదా? క్లబ్బు "పంపను పో" అంటే దేశం చేతులు ముడుచుకోవాలా?

గంటస్తంభం
6 జూలై 2025, ఉదయం 10:20

ఉంది. వరల్డ్ రగ్బీ నిబంధనల్లో తొమ్మిదోది. ముందే ప్రకటించిన గడువుల్లో దేశం పిలిస్తే క్లబ్బు ఒగ్గి తీరాలి. జూలై, నవంబరు, యూరప్ వాళ్లకి సిక్స్ నేషన్స్, దక్షిణార్ధగోళం వాళ్లకి రగ్బీ ఛాంపియన్‌షిప్, వరల్డ్ కప్పు. ఆ గడువు దాటితే క్లబ్బుదే ఇష్టం.

ఇష్టం అన్నాను గానీ అదీ పూర్తిగా కాదు. 2013 నవంబరు 30న వేల్స్, ఆస్ట్రేలియా మ్యాచ్ పెట్టుకున్నారు. అది గడువు బయట. జార్జ్ నార్త్ అప్పుడు ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్ క్లబ్బుకి ఆడేవాడు. ఆ క్లబ్బు ఇచ్చిన మాట ప్రకారం అతన్ని పంపింది. పంపినందుకు లీగ్ ఆ క్లబ్బుకి 60,000 పౌండ్ల జరిమానా వేసింది! పంపనందుకు కాదు, పంపినందుకు. ఒకడు ఒగ్గితే రేపు అందరూ ఒగ్గమంటారని.

అంతకంటే విచిత్రం, గడువులో కూడా లీగ్ ఆగదు. సిక్స్ నేషన్స్ నడుస్తుండగానే ఫ్రాన్స్‌లో టాప్ 14 మ్యాచులు జరుగుతుంటాయి. అలాంటి వారాలకి వాళ్లు 'దుబ్లోం' అని పేరే పెట్టుకున్నారు. తులూజ్ లాంటి క్లబ్బు నుంచి పది మందిని దేశం తీసుకుపోతే, అదే వారం పాయింట్ల పట్టికలో పైనున్న జట్టుతో పిల్లలని దింపాలి. బాగా ఆడేవాళ్లని తయారుచేసినందుకు శిక్ష అన్నమాట. అందుకు ఊరడింపుగా, దేశానికి ఆడే ఫ్రెంచి వాళ్లున్న క్లబ్బుకి, మొత్తం జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితిలో కాస్త సడలింపు ఇస్తారు.

బొబ్బిలి_టు_డబ్లిన్
6 జూలై 2025, మధ్యాహ్నం 3:55

నేను డబ్లిన్‌లో ఉంటాను, పుట్టింది బొబ్బిలి. ఇక్కడ ఈ తగువే వినపడదు. ఎందుకంటే క్లబ్బూ దేశమూ ఒకే ఇంటివి. లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కొనాట్, నాలుగు ప్రాంతాల జట్లూ ఐరిష్ యూనియన్ (దేశం రగ్బీ బోర్డు) కిందే. పెద్ద ఆటగాళ్లకి జీతం యూనియనే నేరుగా ఇస్తుంది. "ఈ వారం వీడికి విశ్రాంతి" అని పైనుంచి కబురొస్తే కింద కోచ్ పళ్లు నూరుకుని ఊరుకుంటాడు. టిక్కెట్ కొనుక్కుని వెళ్లిన నాలాంటోడికి మాత్రం స్టేడియంలో కూర్చున్నాక తెలుస్తుంది, చూడ్డానికి వచ్చినవాడు ఇంట్లో ఉన్నాడని.

జానీ సెక్స్‌టన్ సంగతి గుర్తుందా? 2013లో పారిస్ వెళ్లి రేసింగ్‌కి ఆడాడు. జీతం పెద్దది, మ్యాచులూ పెద్ద లెక్కే. రెండేళ్లకి తిరిగొచ్చేశాడు. వచ్చాక 38 ఏళ్లొచ్చి 2023 వరల్డ్ కప్పు దాకా ఆడాడు. అక్కడే ఉండిపోయి ఉంటే అన్నాళ్లు ఆడేవాడు కాదని ఇక్కడ పబ్బులో ప్రతివాడూ చెప్తాడు. నేనూ ఒప్పుకుంటాను.

టెక్కలి_గుంటడు
6 జూలై 2025, రాత్రి 8:05

అలాగైతే ఐర్లాండోళ్ల పద్ధతే అందరూ పెట్టుకుంటే పోద్ది కదా. తగువేటి?

గంటస్తంభం
6 జూలై 2025, రాత్రి 9:30

పెట్టుకోవడానికి క్లబ్బులు యూనియన్‌వి అయుండాలి బావూ. ఫ్రాన్స్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ క్లబ్బులు యజమానులవి. డబ్బు పోసినోడు మాట వినడు. పైగా పోసిన డబ్బు తిరిగి రావట్లేదు. ఇంగ్లండ్‌లో 2022లో వూస్టర్, వాస్ప్స్ మూతపడ్డాయి, 2023లో లండన్ ఐరిష్. అటువంటి స్థితిలో ఉన్న క్లబ్బుని "నీ మంచి ఆటగాడిని రెండు నెలలు ఇచ్చెయ్" అంటే ఎలా ఉంటుందో ఆలోచించు.

న్యూజిలాండ్‌ది ఇంకో దారి. దేశం బయట ఆడితే ఆల్ బ్లాక్స్‌లోకి, అంటే దేశం జట్టులోకి తీసుకోరు. కానీ డబ్బు బయటే ఉంది. మరి పెద్దవాళ్లు వెళ్లిపోకుండా ఏం చేశారంటే, ఒక సీజన్ సెలవు ఇచ్చి "వెళ్లి సంపాదించుకుని రా" అంటారు. డాన్ కార్టర్ అలాగే 2008 చివర్లో ఫ్రాన్స్‌లో పెర్పిన్యాఁకి వెళ్లాడు. ఐదు మ్యాచులాడాడో లేదో, 2009 జనవరిలో మడమ పైన స్నాయువు (టెండన్) తెగింది. క్లబ్బు డబ్బూ పోయె, దేశానికీ నెలల తరబడి లేకుండా పోయె. ఆ క్లబ్బు మాత్రం ఆ ఏడాది టాప్ 14 గెలిచింది, అతను లేకుండానే!

ఇప్పుడు వాళ్లు ఎక్కువగా జపాన్ వెళ్తున్నారు. బోడెన్ బారెట్, ఆర్డీ సవేయా అలా వెళ్లొచ్చినవాళ్లే. అక్కడ లీగ్ డిసెంబరులో మొదలై మే, జూన్‌కి అయిపోతుంది. జూలై నుంచి టెస్టులకి ఖాళీ. దక్షిణాఫ్రికా అయితే 2019లో ఆ గీత చెరిపేసింది, ఎక్కడాడినా పిలుస్తాం అంది. కోల్బే, డు టోయిట్ జపాన్‌లో జీతం తీసుకుంటూ 2023 వరల్డ్ కప్పు తెచ్చారు. తిప్పలు పడేది అక్కడ ఇంట్లో ఉండి ఆడేవాళ్లే. వాళ్ల క్లబ్బు జట్లు ఆడేది యూరప్ వాళ్ల సీజన్లో, దేశం ఆడేది దక్షిణం వాళ్ల సీజన్లో. అవి కలిపితే పన్నెండు నెలలూ నిండిపోతాయి.

పీఈటీ_మాస్టారు
7 జూలై 2025, ఉదయం 6:10

నాకు రగ్బీ గురించి పెద్దగా తెలీదు. శ్రీకాకుళంలో మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరున్న స్టేడియంలో నలభయ్యేళ్లు కబడ్డీ ఆడించినోణ్ణి. మీరందరూ గడువులూ జరిమానాలూ మాటాడుతున్నారు, ఒక్కరూ అసలు సంగతి అడగలేదు. దెబ్బ తగిలితే ఖర్చెవడిది?

నా కథ చెప్తాను. అప్పటికి నాకు ఇరవై నాలుగు. ఒక డిపార్ట్‌మెంట్‌లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. పేరెందుకు. రాష్ట్రం క్యాంపుకి పిలుపొచ్చింది. అదే నెల్లో మా డిపార్ట్‌మెంట్ వాళ్ల సొంత పోటీలు. ఆఫీసర్ దగ్గరికెళ్లి నిలబడితే "నీకు జీతం ఇచ్చేది మేమా, వాళ్లా?" అన్నాడు. జీతం లేని సెలవు పెట్టి వెళ్లాను. కుర్రతనం. క్యాంపులో నాలుగో రోజు, రెయిడ్‌కి వెళ్లి తిరుగుతుంటే ఇద్దరు కాలు పట్టేసినారు, మోకాలు పక్కకి తిరిగిపోయింది. టక్కుమని చప్పుడు నాకే వినిపించింది.

బిల్లు పట్టుకుని ఆఫీసుకెళ్తే "మా డ్యూటీలో తగల్లేదు" అన్నారు. అసోసియేషన్‌కి వెళ్తే "నువ్వు వాళ్ల మనిషివి కదా, వాళ్లే చూసుకోవాలి" అన్నారు. రెండూ న్యాయంగానే వినిపించాయి నాకు, అదే విడ్డూరం. మా నాయన ఆముదాలవలసలో ఎకరం చెరుకు అమ్మిన డబ్బుతో ఆపరేషన్ అయ్యింది. మళ్లీ ఆడలేదు. పీఈటీ ట్రైనింగ్‌కి వెళ్లాను.

కాబట్టి క్లబ్బు గొప్పదా దేశం గొప్పదా అని నన్నడక్కండి. ఎవడు కాగితం మీద సంతకం పెట్టాడో చూపించండి.

నెల్లిమర్ల_ఫిజియో
7 జూలై 2025, ఉదయం 8:45

మాస్టారూ, నమస్కారం. మీరు అడిగిందే అసలు ప్రశ్న.

డుపాంట్ సంగతే చూడండి. మార్చి 8న డబ్లిన్‌లో దేశం కోసం ఆడుతూ మోకాలు లిగమెంట్ తెంచుకున్నాడు. ఫ్రాన్స్ 42-27 గెలిచింది, ఆపై కప్పూ గెలిచింది. అతను లేని నెలలన్నీ మోసింది తులూజ్. దానికి ముందు ఏడాది 2024లో సిక్స్ నేషన్స్ వదిలేసి ఒలింపిక్స్ కోసం సెవెన్స్‌కి (జట్టుకి ఏడుగురే ఆడే రగ్బీ) వెళ్లాడు కదా, మధ్యలో తులూజ్‌కి యూరప్ కప్పు, టాప్ 14 రెండూ ఆడి గెలిపించి, పారిస్‌లో బంగారం తెచ్చాడు. అదంతా క్లబ్బూ ఫెడరేషనూ కూర్చుని కాగితం మీద రాసుకుంటేనే కుదిరింది.

ఇంగ్లండ్‌లో 2024 సెప్టెంబరులో యూనియన్‌కీ క్లబ్బులకీ కుదిరిన ఒప్పందం నాకు నచ్చింది. ఎనిమిదేళ్లకి 264 మిలియన్ పౌండ్లు. అందులో 25 మంది దాకా ఆటగాళ్లకి యూనియన్ కూడా ఒప్పందం ఇస్తుంది, క్లబ్బు ఒప్పందం ఉండగానే. వాళ్ల వైద్యం, ఫిట్‌నెస్ విషయంలో ఆఖరి మాట దేశం కోచ్‌ది. అంటే నేను మొదట్లో అడిగిన ఆ పదిహేను నిమిషాలు ఎవరి ఖాతాలో అన్నదానికి ఒక పేరు దొరికింది. ఆ పాతిక మందికే అనుకోండి.

బారువ_కెరటం
7 జూలై 2025, మధ్యాహ్నం 1:30

పాతిక మందికి అని మీరే అన్నారు మేడమ్. మిగతావాళ్ల మాటేంటి? సమోవా, టోంగా, ఫిజీ వాళ్లు? చిన్న ద్వీపాలు, యూరప్ క్లబ్బుల నిండా వాళ్ల పిల్లలే. రూలు ప్రకారం క్లబ్బు ఒగ్గాలి, నిజమే. కానీ ఒప్పందం మాట్లాడేటప్పుడు "వరల్డ్ కప్పుకి వెళ్తావా? వెళ్తే ఇంత, వెళ్లకపోతే ఇంకాస్త" అని చెవిలో చెప్తే దానికి ఏ రూలు అడ్డొస్తుంది? ఆ డబ్బు మీద ఊళ్లో పదిమంది బతుకుతుంటారు. వాడు "నాకు దెబ్బ తగిలింది, రాలేను" అని కబురు పెడతాడు. సమోవా మాజీ కెప్టెన్ డాన్ లియో ఏళ్లుగా దీని మీదే కొట్లాడుతున్నాడు.

మా బారువ, మంచినీళ్లపేట వైపు నుంచి గుజరాత్ బోట్ల మీదకి వెళ్లే మా వాళ్లని చూస్తే ఇదే గుర్తొస్తుంది. గంగమ్మ పండక్కి రమ్మని ఇంటి నుంచి ఫోన్ వెళ్తుంది. ఓనరు వద్దనడు. "వెళ్లు, సీజన్ డబ్బులు వచ్చాక చూద్దాం" అంటాడంతే.

ఫిజీకి కాస్త వెలుగొచ్చింది. 2022 నుంచి ఫిజీ డ్రూవా అనే జట్టు దక్షిణం వాళ్ల లీగ్ సూపర్ రగ్బీలో ఆడుతోంది, ఇంటి దగ్గరే జీతం. మర్సటేడు వరల్డ్ కప్పులో ఆస్ట్రేలియాని 22-15తో కొట్టారు. 1954 తర్వాత ఆస్ట్రేలియా మీద అదే మొదటి గెలుపు.

టెక్కలి_గుంటడు
7 జూలై 2025, మధ్యాహ్నం 2:12

మాస్టారూ, మీ కథ సదివి అన్నం సయించలేదు. నేను జోకులేసినందుకు ఏటనుకోకండి.

ఒక డౌటు గానీ. మన కబడ్డీకి ఇప్పుడీ గోల లేదు కదా? ప్రో కబడ్డీ వొచ్చినాక?

పీఈటీ_మాస్టారు
7 జూలై 2025, సాయంత్రం 5:40

ఏటీ అనుకోను బావూ. జోకులు లేకపోతే ఈ కుర్రోళ్లు ఇంత పొడుగు సదవరు.

ప్రో కబడ్డీ కుర్రోళ్లకి డబ్బు తెచ్చింది, కాదనను. 2023లో ఆసియా క్రీడలున్నాయని వేలమే వెనక్కి జరిపినారు. లీగ్ డిసెంబరులో మొదలెట్టినారు. ఒక్క లీగూ ఒక్క ఫెడరేషనూ కాబట్టి జరిగింది. మీరు చెప్పిన ఆ రగ్బీలో ఎన్ని లీగులు, ఎన్ని యూనియన్లు! అందరూ ఒక పంచాంగం మీద కూర్చోడం అంటే, నలుగురు పురోహితులని ఒక ముహూర్తానికి ఒప్పించినట్టే.

వంశధార_వింగర్
7 జూలై 2025, రాత్రి 7:20

ఆ పంచాంగమే మారుతోంది మాస్టారూ. 2026 జూలై నుంచి నేషన్స్ ఛాంపియన్‌షిప్ అని వస్తోంది. సిక్స్ నేషన్స్ ఆరు, దక్షిణం నాలుగు, ఫిజీ, జపాన్, మొత్తం పన్నెండు దేశాలు. జూలై, నవంబరు టెస్టులకి పాయింట్లుంటాయి. అప్పుడు ఫ్రాన్స్ జూలైలో రెండో జట్టుని పంపితే పాయింట్లు పోతాయి. నాకైతే సంతోషమే.

నెల్లిమర్ల_ఫిజియో
7 జూలై 2025, రాత్రి 7:48

నీకు సంతోషం తమ్ముడూ. రామోస్ మోకాళ్లని అడిగావా? టెస్టుకి విలువ పెంచారు, టాప్ 14లో ఒక్క మ్యాచ్ తగ్గించారా?

టెక్కలి_గుంటడు
7 జూలై 2025, రాత్రి 8:30

దారి తప్పిస్తున్నాను గానీ, మన దేశంలో మొన్న జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ ఆడినారు కదా, సెవెన్స్. నడిపింది జీఎంఆర్ వోళ్లు. అంటే మన రాజాం! ఆరు జట్లలో హైదరాబాద్ ఉన్నాది, కళింగ ఉన్నాది. నాను ఎవుల్ని సపోర్టు సెయ్యాలి? ముఖలింగం కళింగ రాజుల రాజధాని, మాది దానికి పక్కూరే.

గంటస్తంభం
7 జూలై 2025, రాత్రి 8:41

రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లా. 2022 నుంచి. గుర్తుపెట్టుకో.

ఆ లీగ్‌లో ఒకటి తెలివిగా చేశారు. ప్రపంచ సెవెన్స్ సీజన్ మేలో అయిపోయాక జూన్‌లో పెట్టారు. అందుకే విదేశాల సెవెన్స్ ఆటగాళ్లు తగువు లేకుండా రాగలిగారు. గెలిచింది చెన్నై, కాబట్టి నీ కళింగ బాధ వచ్చే ఏడు పడు.

టెక్కలి_గుంటడు
7 జూలై 2025, రాత్రి 8:44

రాజాం మీరు పట్టుకుపోనారు, రామ్మూర్తి నాయుడి వీరఘట్టం మన్యం జిల్లా పట్టుకుపోనాది. సిక్కోలుకి ఏటి మిగిల్చినారు బావూ!

చావడి_మోడరేటర్
7 జూలై 2025, రాత్రి 9:00

జిల్లాల విభజన తగువుకి వేరే దారం ఉంది. అక్కడ కొట్టుకోండి.

బొబ్బిలి_టు_డబ్లిన్
11 అక్టోబరు 2025, ఉదయం 11:25

పాత దారం లేపుతున్నాను. సిరిమాను సంబరానికి ఊరొచ్చాను, ఇంకా వారం ఉంటాను.

ఆర్360 వార్త చూశారా? ఇంగ్లండ్ మాజీ ఆటగాడు మైక్ టిండాల్ ముందుండి నడిపిస్తున్న కొత్త లీగ్. ఊరూరా తిరుగుతూ ఆడతారట, జీతాలు భారీగా అంటున్నారు. ఈ నెల్లో ఎనిమిది దేశాల యూనియన్లు కలిసి చెప్పేశాయి, అందులో చేరినవాడిని దేశానికి తీసుకోం అని. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్, ఐర్లాండ్, స్కాట్లాండ్, ఫ్రాన్స్, ఇటలీ. ఇన్నాళ్లూ ఒకదాని మీద ఒకటి పడి ఏడ్చేవాళ్లు ఒక్క కాగితం మీదకి వచ్చారు.

గంటస్తంభం
11 అక్టోబరు 2025, మధ్యాహ్నం 12:10

చూశాను. జూలైలో రెండో జట్టుని పంపిన ఫ్రాన్స్, పంపిందని తిట్టుకున్న న్యూజిలాండ్, ఇద్దరూ సంతకం పెట్టారు. ఇంటి దొంగతనాలు ఇంట్లో తేల్చుకుంటాం, బయటి వాడిని రానివ్వం అన్నట్టుంది.

వంశధార_వింగర్
11 అక్టోబరు 2025, మధ్యాహ్నం 12:35

కానీ అన్నా, ముప్పై రెండేళ్లొచ్చి, ఇంక దేశం పిలవదు అని తెలిసినవాడికి ఆ బెదిరింపు ఏం పనిచేస్తుంది? వాడు వెళ్తే నేనైతే తప్పుపట్టను.

పీఈటీ_మాస్టారు
11 అక్టోబరు 2025, సాయంత్రం 4:50

వెళ్లనీ. వెళ్లేముందు మోకాలు బిల్లు ఎవడు కడతాడో ఆ ఒప్పందంలో ఎన్నో పేజీలో ఉందో చదువుకోమను.

బొబ్బిలి బాబూ, వారం ఉంటానన్నావు. డబ్లిన్ నుంచి ఆ కోడిగుడ్డు బంతి ఏమైనా తెచ్చావా?

బొబ్బిలి_టు_డబ్లిన్
11 అక్టోబరు 2025, సాయంత్రం 5:15

తెచ్చాను మాస్టారూ, మా మేనల్లుడి కోసం. ఆదివారం ఉదయం ఆరున్నరకి విజయనగరం అయోధ్య మైదానంలో కలుద్దామా? గుద్దుకోవడం ఉండదు, తాకితే ఆగిపోవాలి. మీరు విజిల్ ఊదండి.

నెల్లిమర్ల_ఫిజియో
11 అక్టోబరు 2025, సాయంత్రం 5:40

నేనొస్తాను. ఐస్ ప్యాకులు కూడా తెస్తాను.

టెక్కలి_గుంటడు
11 అక్టోబరు 2025, సాయంత్రం 6:02

నాకు ఆదివారం మావోరింట్లో గృహప్రవేశం ఉన్నాది. మా ఆవిడ ఒగ్గితే ఒస్తాను. జరిమానా మీరే కట్టాలి.